కొనేవారి భాషలో ఇచ్చే మాట

(ఆన్‌లైన్‌లో సొంతంగా సరుకు అమ్ముకునేవారి సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

మీలో చాలామందికి ఆన్‌లైన్ షాపు ఉంది. కొందరిది పెద్ద మార్కెట్‌ప్లేసులో ఉంది, కొందరిది సొంత సైటు. లిస్టింగులన్నీ, అంటే వస్తువు టైటిల్, వివరాలు ఉండే పేజీలన్నీ, ఒక్క భాషలో ఉన్నాయి. వాటిని ఇంకో భాషలోకి మారిస్తే కొనేవాళ్లు పెరుగుతారా అని నన్ను అడిగారు. పెరుగుతారు. ఊరికే అనడం లేదు, దీన్ని లెక్కగట్టి చూసినవాళ్లు ఉన్నారు. ఆ లెక్క ముందు చెప్పేసి, తర్వాత అసలు విషయానికి వస్తాను.

2014లో ఈబే అనే ఆన్‌లైన్ మార్కెట్‌ప్లేసు తన సొంత అనువాద యంత్రాన్ని లాటిన్ అమెరికా కొనుగోలుదారుల కోసం వాడకంలోకి తెచ్చింది. వాళ్లు స్పానిష్‌లో వెతికితే అమెరికా సెల్లర్ల లిస్టింగులు దొరుకుతాయి, టైటిళ్లు స్పానిష్‌లో కనిపిస్తాయి. ఎరిక్ బ్రిన్యోల్ఫ్‌సన్, షియాంగ్ హుయి, మెంగ్ లియు అనే ముగ్గురు ఆర్థికవేత్తలు దీని ఫలితాన్ని పరిశీలించి 2019లో ప్రచురించారు. ఆ సైటులో ఎగుమతులు 10.9 శాతం పెరిగాయని తేల్చారు. కొనేవాడికి వెతుక్కునే శ్రమ తగ్గడమే కారణమని వాళ్ల విశ్లేషణ. సరుకు మారలేదు, సెల్లరు మారలేదు. మధ్యలో అడ్డుగా ఉన్న భాష ఒక్కటే కాస్త తొలగింది.

ఇంకో లెక్క సీఎస్‌ఏ రీసెర్చ్ అనే సంస్థది. 2020లో 29 దేశాల్లో 8,709 మందిని అడిగారు. వస్తువు గురించిన సమాచారం తమ భాషలో ఉంటే దాన్నే కొనడానికి ఇష్టపడతామని 76 శాతం మంది చెప్పారు. వేరే భాషలో ఉన్న సైట్లలో అసలెప్పుడూ కొనమని 40 శాతం మంది చెప్పారు. ఆ నలభై మందికి మీ ధర ఎంత తగ్గించినా, ఫొటోలు ఎంత బాగా తీసినా ప్రయోజనం లేదు. వాళ్లు మీ పేజీలో ఆగరు.

సరే, ఈబే యంత్రంతోనే అంత లాభం వచ్చిందంటే మనమూ ఓ బటన్ నొక్కితే సరిపోదా అని అనిపిస్తుంది. ఇక్కడే నేను కాస్త గట్టిగా చెప్పదలుచుకున్నాను. లిస్టింగ్ అంటే ప్రకటన ఒక్కటే కాదు, కొనేవాడికి మనం ఇచ్చే మాట. ఇది ఈ గుడ్డ, ఇంత పొడవు, ఈ రంగు, ఇన్ని రోజుల్లో వస్తుంది, నచ్చకపోతే ఇలా వెనక్కి పంపొచ్చు అని రాతపూర్వకంగా చెబుతున్నాం. దాన్ని ఇంకో భాషలో పెట్టిన క్షణం నుంచి, ఆ భాషలో ఏం రాసి ఉందో అదే మన మాట. ‘యంత్రం తప్పుగా రాసింది, నా అసలు పేజీలో సరిగ్గానే ఉంది’ అంటే కొన్నవాడు ఒప్పుకోడు. ఒప్పుకోవాల్సిన అవసరమూ లేదు. అతను చదివింది తన భాషలో ఉన్న పేజీని. దాన్ని నమ్మే డబ్బు పంపాడు.

అందుకే అనువాదం ఎక్కడ మొదలవుతుందో చూద్దాం. చాలామంది అవతలి భాష దగ్గర మొదలుపెడతారు. నేనైతే మన సొంత రాత దగ్గర మొదలుపెట్టమంటాను. ఒక టైటిల్ చెబుతాను, ఇలాంటివి రోజూ కనిపిస్తాయి: ‘ఉమెన్ లైట్ స్ప్రింగ్ జాకెట్ విత్ బో నేవీ’. రాసినవాళ్లకు ఇందులో తికమక ఏమీ లేదు, పక్కనే ఫొటో ఉంది కదా. కానీ ఇది వాక్యం కాదు, మాటల వరుస. యంత్రానికి పట్టుకోవడానికి వ్యాకరణం ఉండదు. లైట్ అంటే తేలికైనదా, లేత రంగుదా, దీపమా? స్ప్రింగ్ అంటే వసంతమా, లోహపు చుట్టా? బో అంటే రిబ్బన్ ముడా, విల్లా? నేవీ అంటే ముదురు నీలమా, నౌకాదళమా? ఆరేడు మాటల టైటిల్‌లో నాలుగు చోట్ల దారి తప్పే అవకాశం ఉంది. మక్కీకి మక్కీగా మార్చేస్తే విల్లు పట్టుకున్న నౌకాదళపు జాకెట్ తయారవుతుంది.

ఇప్పుడు అదే టైటిల్‌ని ముందు మన భాషలోనే విప్పి రాయండి: ‘ఆడవాళ్ల జాకెట్, బరువు తక్కువ, పలుచని నూలు గుడ్డ, మెడ దగ్గర రిబ్బన్ ముడి, ముదురు నీలం రంగు.’ దీన్ని ఏ యంత్రానికిచ్చినా, ఏ అనువాదకుడికిచ్చినా తప్పు చేసే చోట్లు చాలావరకు పోతాయి. పైగా మీ పాత కొనుగోలుదారులకు కూడా మేలే. అర్థం తేలని లిస్టింగ్‌ని పది భాషల్లోకి మారిస్తే పది భాషల్లో అర్థం తేలని లిస్టింగులు తయారవుతాయి. ముందు అసలుది బాగుచేసుకోవాలి. ఈ పని విసుగ్గా ఉంటుందని అందరూ దాటేస్తారు. నా లెక్కలో అనువాదంలో సగం పని ఇదే.

తర్వాతది, వెతికే మాటలు. డిక్షనరీలో సరైన మాట వేరు, కొనేవాడు సెర్చ్ బాక్సులో కొట్టే మాట వేరు. మొబైల్ ఫోను కవర్లు అమ్మేవాళ్లు ఉన్నారనుకోండి. స్పానిష్ ఒకే భాష కదా అని ఒకే అనువాదం పెడితే సగం మంది తప్పిపోతారు. స్పెయిన్‌లో మొబైల్ ఫోనుని మోవిల్ అంటారు, లాటిన్ అమెరికాలో సెలులార్ అంటారు. పోర్చుగీసులోనూ అంతే. బ్రెజిల్‌లో సెలులార్, పోర్చుగల్‌లో టెలిమోవెల్. జర్మన్లు హ్యాండీ అంటారు. వినడానికి ఇంగ్లీషులా ఉంటుంది కానీ ఇంగ్లీషులో ఆ మాటకు ఆ అర్థం లేదు. ఇవేవీ మన ఊహతో తెలిసేవి కావు.

మరి ఎలా తెలుసుకోవాలి? దీనికి డబ్బు ఖర్చు లేదు. ఆ దేశపు సైటు తెరిచి, ఆ భాషలో వస్తువు పేరు సెర్చ్ బాక్సులో రెండు మూడు అక్షరాలు కొట్టండి. కింద వరుసగా సూచనలు వస్తాయి. అవి ఆ దేశంలో నిజంగా జనం వెతుకుతున్న మాటలు. తర్వాత అక్కడ బాగా అమ్ముడుపోతున్న అలాంటి వస్తువుల టైటిళ్లు చదవండి, ఏ మాట మళ్లీ మళ్లీ వస్తోందో రాసుకోండి. రెండు మాటల మధ్య ఎటూ తేలకపోతే, జనం ఏ మాట ఎంతగా వెతుకుతున్నారో చూపించే గూగుల్ ట్రెండ్స్‌లో ఆ దేశాన్ని ఎంచుకుని రెండూ పోల్చి చూడండి. ఆ జాబితా చేతిలో పెట్టుకుని అప్పుడు టైటిల్ రాయించండి. టైటిల్ రాయించేశాక మాటలు వెతకడం చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే.

ట్యాగుల దగ్గర, అంటే వెతికేవాళ్లకు దొరకడానికి లిస్టింగ్‌కి తగిలించే చిన్న మాటల దగ్గర, ఇంకో చిక్కు ఉంది, జాగ్రత్తగా వినండి. ఎట్సీ అనే మార్కెట్‌ప్లేసులో ఒక్కో లిస్టింగ్‌కి 13 ట్యాగులు, ఒక్కో ట్యాగుకి 20 అక్షరాలు. ఇంగ్లీషులో ‘బర్త్‌డే గిఫ్ట్’ అనడానికి ఖాళీతో కలిపి 13 అక్షరాలు పడతాయి, పక్కన ఇంకో చిన్న మాటకు చోటుంటుంది. అదే జర్మన్‌లో ‘గెబుర్ట్స్‌టాగ్స్‌గెషెంక్’. వాళ్ల లిపిలో 19 అక్షరాల ఏకపదం. ట్యాగు మొత్తం దానికే సరి. కాబట్టి మీ 13 ట్యాగుల్ని వరుసగా 13 ట్యాగులుగా మార్చడం కుదరదు. ఆ భాషకు ఏ 13 ముఖ్యమో కొత్తగా ఎంచుకోవాలి.

కొన్ని మార్కెట్‌ప్లేసుల్లో కొనేవాళ్లకు కనిపించని సెర్చ్ మాటల గడి ఒకటి ఉంటుంది. దాని పరిమితిని అక్షరాల్లో కాక బైట్లలో, అంటే కంప్యూటర్‌లో అక్షరాలు ఆక్రమించే చోటును బట్టి లెక్కిస్తారు. అక్షరాల్ని కంప్యూటర్‌లో దాచడానికి ఇప్పుడు వాడుకలో ఉన్న యూటీఎఫ్-8 పద్ధతిలో ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు, రష్యన్ అక్షరానికి రెండు, హిందీ, తెలుగు, జపనీస్ అక్షరాలకు మూడేసి. పైగా మన లిపుల్లో గుణింతం గుర్తుకు వేరే మూడు, పొల్లుకు వేరే మూడు. ‘స్త్రీ’ అని రాయండి. కంటికి ఒక్క అక్షరం. లోపల స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘం, మొత్తం ఆరు ముక్కలు. ఆరు మూళ్లు పద్దెనిమిది బైట్లు. గడిలో 250 బైట్లే ఉంటే, ఇంగ్లీషులో హాయిగా పట్టిన జాబితాలో మన లిపిలో సగం కూడా పట్టదు. కొన్ని చోట్ల మించిన భాగాన్ని సిస్టమ్ చెప్పకుండానే వదిలేస్తుంది. నేను మాటలు పెట్టాను కదా, ఎందుకు దొరకడం లేదు అని సెల్లరు తల పట్టుకుంటాడు. ముఖ్యమైన మాటలు ముందు పెట్టుకోండి, టైటిల్‌లో ఉన్నవి ఇక్కడ మళ్లీ పెట్టకండి.

[సభలో ఒకరు: ఇప్పుడు ఏఐ ఉంది కదండీ. అన్ని లిస్టింగులూ ఒకేసారి దానికిచ్చేస్తే?]

ఇవ్వండి, వద్దనను. నేనూ వాడతాను. కానీ గంపగుత్తగా ఇచ్చేసి, వచ్చింది వచ్చినట్టు అంటించకండి. దానికి టైటిల్ ఒక్కటే ఇస్తే పైన చెప్పిన తప్పులే చేస్తుంది. ఫొటో, వస్తువు రకం, గుడ్డ, కొలతలు, ఏ దేశం వాళ్లకు, ఎన్ని అక్షరాల్లో, ఏ మాటలు మార్చకూడదు, ఇవన్నీ ఇచ్చి అడిగితే రాత చాలా మెరుగ్గా వస్తుంది. ఒక చిన్న పదాల పట్టిక తయారుచేసుకోండి. రంగులు, గుడ్డ రకాలు, భాగాల పేర్లు, మీరు పదేపదే వాడేవి. ఆ భాష తెలిసినవారితో ఒక్కసారి సరిచూయించి, ప్రతిసారీ అదే పట్టిక ఇవ్వండి. లేకపోతే ఒకే రంగుకి ఒక లిస్టింగ్‌లో ఒక పేరు, ఇంకో దాంట్లో ఇంకో పేరు వస్తుంది. రెండూ వేర్వేరు రంగులనుకుని కొనేవాడు రెండూ తెప్పించుకుంటాడు. బ్రాండు పేరు, మోడల్ నంబరు, సైజు కోడ్ జోలికి మాత్రం వెళ్లనివ్వకండి.

ఏఐ రాత చదవడానికి నున్నగా ఉంటుంది. ప్రమాదం కూడా అక్కడే ఉంది. పాత యంత్రం తప్పు చేస్తే చూడగానే తెలిసిపోయేది. ఇప్పటిది మీరు చెప్పని ‘వాటర్‌ప్రూఫ్’ అనే మాట కూడా చక్కగా కలిపేయగలదు. వచ్చినదాన్ని మళ్లీ మన భాషలోకి తిప్పి చదివితే ఇలాంటి అదనపు మాటలు, ఎగిరిపోయిన అంకెలు దొరుకుతాయి. అయితే శైలి బాగుందా, అక్కడివాళ్లు అలా అంటారా అన్నది తిప్పి చదివితే తెలియదు. దానికి ఆ భాషలో పుట్టి పెరిగిన మనిషే కావాలి.

ఆ మనిషికి డబ్బిచ్చి చూపించండి. ‘బాగుందా’ అని మాత్రం అడగకండి, ‘బాగుంది’ అంటారు, అక్కడితో అయిపోతుంది. మూడు ప్రశ్నలు అడగండి. ఈ వస్తువు కావాలంటే మీరు సెర్చ్‌లో ఏం కొడతారు? ఇది చదివాక ఏ అనుమానం మిగిలింది? ఎక్కడ చదువుతుంటే పరాయివాళ్లు రాశారని తెలిసిపోయింది? ఈ మూడిటికీ వచ్చే జవాబులు అనువాదం మీద మార్కులు వేయించుకోవడం కంటే ఎంతో విలువైనవి. ముఖ్యంగా రెండోది. ఆ అనుమానం ఒక్కోసారి మీ అసలు లిస్టింగ్‌లోనే ఉంటుంది.

ఇప్పుడు అంకెలు. మాటల కంటే అంకెల వల్లే ఎక్కువ సరుకు వెనక్కి వస్తుందని నా నమ్మకం. అనువాదకుడు అంకెల్ని ముట్టుకోడు, అంకెలకు భాషేమిటి అనుకుంటాడు. కానీ అమెరికాలో ఆడవాళ్ల దుస్తుల సైజు 8 అంటే బ్రిటన్‌లో 12, జర్మనీలో 38, ఫ్రాన్స్‌లో 40, ఇటలీలో 44. అమెరికా 8ని అలాగే వదిలేస్తే బ్రిటన్‌లో 8 సైజు వేసుకునే మనిషి ఆర్డర్ పెడుతుంది, ఆమెకు రెండు సైజులు వదులుగా వచ్చి పడుతుంది. అక్కడ వాక్యాలన్నీ చక్కగా ఉన్నాయి, వ్యాకరణం తప్పు లేదు, అయినా మాట తప్పాం. ఈ పట్టికలు కూడా కంపెనీని బట్టి కాస్త అటూ ఇటూ ఉంటాయి. అందుకని సైజు పేరుతో పాటు గుడ్డని పరిచి కొలిచిన కొలత సెంటీమీటర్లలో ఇవ్వండి, అంగుళాలు వాడే దేశాలకు అంగుళాల్లోనూ ఇవ్వండి. ఎక్కడి నుంచి ఎక్కడికి కొలిచారో కూడా రాయండి.

1,500 అని రాస్తే మనకు వెయ్యిన్నర. జర్మన్లకు కామా దశాంశ బిందువు, వాళ్లకది ఒకటిన్నర. వాళ్లు వెయ్యిన్నరని 1.500 అని రాస్తారు. బరువులో, పొడవులో ఇది తారుమారైతే ఏమవుతుందో మీరే ఆలోచించండి. డెలివరీ తేదీ 03/04 అని పెడితే అమెరికాలో మార్చి 4, బ్రిటన్‌లో ఏప్రిల్ 3. నెలని అక్షరాల్లో రాస్తే గొడవే లేదు. కరెంటుతో నడిచేవైతే వోల్టేజి, ప్లగ్గు రకం రాసి తీరాలి.

ఫొటోల మీద రాసిన అక్షరాల్ని చాలా సిస్టమ్‌లు వాటంతటవి మార్చవు. కొలతల బొమ్మలో మాటలు తీసేసి బాణాలు, అంకెలు ఉంచండి, అన్ని భాషలకూ అదే పనికొస్తుంది.

చట్టం సంగతి తక్కువలో చెబుతాను కానీ తేలిగ్గా తీసుకోకండి. ఫ్రాన్స్‌లో 1994 నాటి చట్టం ప్రకారం అక్కడ అమ్మే వస్తువుల వివరణ, వాడే విధానం, వారంటీ ఫ్రెంచిలో ఉండాలి. ఐరోపా యూనియన్‌లో 2024 డిసెంబర్ 13 నుంచి అమల్లోకి వచ్చిన వస్తు భద్రతా నిబంధనల ప్రకారం హెచ్చరికలు కొనేవారికి సులువుగా అర్థమయ్యే భాషలో ఉండాలి. ఆ భాష ఏదో ఆయా దేశాలు నిర్ణయిస్తాయి. అవి పెట్టె మీదే కాదు, ఆన్‌లైన్ లిస్టింగ్‌లోనూ కనిపించాలి. చిన్నపిల్లల వస్తువులు అమ్మేవాళ్లు దీన్ని మరీ శ్రద్ధగా చూసుకోవాలి. ఆ హెచ్చరిక చదివేది ఒక తల్లో, తండ్రో. ఆ ఒక్క వాక్యాన్ని మాత్రం ఎంత తొందరున్నా యంత్రానికి వదిలేయకండి.

సొంత సైటు ఉన్నవాళ్లకు రెండు మాటలు. ప్రతి భాషకూ వేరే వెబ్ అడ్రసు ఉండాలి. ఒకే అడ్రసులో భాష మారుతుంటే సెర్చ్ ఇంజన్లు ఒక్క భాషనే చూసి వెళ్లిపోవచ్చు. ఏ పేజీ ఏ భాషదో గూగుల్‌కి చెప్పే గుర్తు ఒకటుంది, హెచ్‌రెఫ్‌లాంగ్ అంటారు, 2011 నుంచి ఉంది. ఇంగ్లీషు పేజీ జర్మన్ పేజీని చూపిస్తే, జర్మన్ పేజీ తిరిగి ఇంగ్లీషు పేజీని చూపించాలి. ఒకవైపే పెడితే గూగుల్ దాన్ని పట్టించుకోకపోవచ్చు. బయటి దేశం నుంచి వచ్చాడని మనిషిని బలవంతంగా ఆ దేశపు భాషలోకి తోసేయకండి. పైన కనిపించేలా భాషల పేర్లు పెట్టండి, ఎవరి భాష పేరు వాళ్ల లిపిలో. వాళ్లే ఎంచుకుంటారు.

ఇక అందరూ మరిచిపోయేది, అమ్మిన తర్వాతి సంగతి. పోలండ్ వాళ్ల భాష పోలిష్‌లో లిస్టింగ్ పెట్టారు, ఆర్డర్ వచ్చింది, రెండు రోజులకు పోలిష్‌లో మెసేజ్ వచ్చింది: ‘జిప్పు బిగుసుకుపోయింది, ఏం చేయాలి?’ తన భాషలో పేజీ చూశాడు కాబట్టి ఆ భాషలోనే అడిగాడు. అది అతని హక్కు. ఆర్డర్ అందింది, పంపాం, ఆలస్యమవుతోంది, వెనక్కి ఇలా పంపండి, డబ్బు వేశాం. రోజూ వచ్చే ఈ మెసేజీలు లిస్టింగ్ పెట్టకముందే ఆ భాషలో రాయించి ఉంచుకోండి. మిగతావాటికి అనువాద యంత్రం సాయం తీసుకుంటామని పేజీలోనే తెలియజేయండి. దాపరికం లేకుండా చెబితే కొనేవాళ్లు అర్థం చేసుకుంటారు, వాళ్లూ చిన్న చిన్న వాక్యాల్లో రాస్తారు.

ఫలితం ఎలా చూడాలి? అన్నీ ఒకేసారి మార్చేస్తే అమ్మకం పెరిగినా అనువాదం వల్లో, సీజన్ వల్లో తెలియదు. ఇంచుమించు ఒకేలా అమ్ముడుపోయే వస్తువుల్లో సగానికి అనువాదం పెట్టండి, సగం అలాగే ఉంచండి. అమ్మకాలతో పాటు రిటర్న్‌లు, ప్రశ్నలు కూడా లెక్కపెట్టండి. చూసేవాళ్లు పెరిగి కొనేవాళ్లు పెరగలేదంటే టైటిల్ బాగుంది, వివరణలో అనుమానం తీరలేదని అర్థం. అమ్మకం పెరిగి రిటర్న్‌లూ పెరిగాయంటే వెంటనే ఆపి, కొలతల దగ్గరికి వెళ్లండి.

[సభలో ఒకరు: మేడమ్, నాది చిన్న షాపు. ఏ భాషతో మొదలుపెట్టమంటారు?]

మంచి ప్రశ్నండీ. ఎక్కువమంది మాట్లాడే భాష ఏది అని వెతకకండి. మీ షాపు లెక్కలు తెరవండి. ఏ దేశం నుంచి మనుషులు వచ్చి, చూసి, కార్టులో పెట్టి, కొనకుండా వెళ్లిపోతున్నారు? ఏ దేశం నుంచి ప్రశ్నలు వస్తున్నాయి? అక్కడ కోరిక ఉంది, నమ్మకం చాలడం లేదు. తర్వాత, అక్కడికి పార్సిల్ ఎంతలో వెళ్తుంది, వెనక్కి రావాల్సి వస్తే ఆ ఖర్చు భరించగలరా చూడండి. ఐరోపా యూనియన్‌లో ఆన్‌లైన్‌లో కొన్నవారికి చాలా వస్తువుల్ని 14 రోజుల్లోపు కారణం చెప్పకుండానే వద్దనే హక్కు ఉంటుంది. దానికి సిద్ధంగా లేకపోతే ఆ భాషల జోలికి ఇప్పుడే వెళ్లకండి. రెండు లెక్కలూ కలిసిన చోట ఒక్క భాష ఎంచుకోండి. మీ దగ్గర బాగా కదిలే ఇరవై లిస్టింగులు తీసుకోండి, వెయ్యి వద్దు. వాటి టైటిళ్ల కంటే ముందు రిటర్న్ షరతులు ఆ భాషలో రాయించండి. ఆ భాష మనిషి చేత చదివించి, ‘దీన్ని బట్టి మీరు ఎన్ని రోజుల్లో, ఎవరి ఖర్చుతో వెనక్కి పంపొచ్చు?’ అని అడగండి. ఆయన చెప్పింది, మీరు అనుకున్నది ఒకటే అయితే అప్పుడు టైటిళ్లకు వెళ్లండి.